ఇల్లు చూడడానికి వచ్చిన అవ్వ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా ముక్కూ మొహం తెలియని మనుషులు మా ఇంట్లోకి వచ్చి పోతూ ఉండేవారు. వాళ్లు చుట్టాలు కారు, ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు. ఆ ఇల్లు మాది కాదు. మేము అందులో అద్దెకుండేవాళ్లం.

కడపలో దర్గాకు పోయే దారిలో ఒక సందులో ఉండేది ఆ ఇల్లు. బండల మిద్దె. ముందు చిన్న వసారా, లోపల రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో చేదబావి, దాని పక్కన ఒక మునగచెట్టు. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. తమ్ముడు ఇంకా బడికి పోయే వయసు కాదు. అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. అమ్మను కన్న తల్లి ఎప్పుడో పోయింది. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేదు. అందుకని ఈసారి కాన్పు ఈ ఇంట్లోనే జరగాలని అమ్మా నాన్నా అనుకుని ఉన్నారు.

సరిగ్గా ఆ సమయంలో ఇంటి యజమాని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఆయన్ని మేము ఇంటాయన అనేవాళ్లం. చెడ్డ మనిషేమీ కాదు. కొడుకు చేత బండలు పాలిషు పట్టే మిషను పెట్టించాలని ఆయన ఆరాటం. ఒకరోజు వచ్చి వసారాలో నిలబడి, ఉన్న మాట అమ్మతో చెప్పేశాడు.

“ఇల్లు చూసేదానికి మనుషులు వస్తాంటారు మ్మా. రోంత చూపియ్యి. ఎవురేమడిగినా బాగుండాది అను, చాలు. కారతాది, బావిలో నీళ్లుండవు అంటివా, ఇంగ నేను చేసేదేమీ ల్యా. మిమ్మల్ని కాళీ చేపిచ్చినాకనే అమ్ముకోవల్ల.”

కారేది నిజమే. గట్టి వాన పడితే పెద్ద గదిలో ఉత్తరం మూల బండల సందులోంచి నీళ్లు దిగేవి. నడి వేసవిలో బావి అడుగంటేది. ఆ రెండూ తప్ప ఆ ఇంటికి వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఇల్లు కొనేవాళ్లు ముందు అడిగేది ఆ రెండే కదా.

నాన్న రోజూ డిపో నుంచి వస్తూ సైకిలు మీద వీధులన్నీ తిరిగి వేరే ఇంటి కోసం వెతికేవాడు. అడిగిన చోటల్లా ఇంట్లో ఎంతమంది అని మొదలుపెట్టి, అమ్మ సంగతి తెలియగానే, పురుడు అయినంక రాండప్పా అనేవారట. అద్దెకిచ్చిన ఇంట్లో పురుడు జరగడం చాలామందికి ఇష్టముండేది కాదు. ఇల్లు అమ్ముడుపోతే ఉన్న చోటు వదలాలి, కొత్త ఇంట్లోకి రానివ్వడం లేదు. రాత్రి అన్నాల దగ్గర అమ్మా నాన్నా ఆ మాట ఎత్తకుండా ఏవేవో మాట్లాడుకునేవారు. ఎత్తడం లేదని నాకు తెలిసేది.

వచ్చినవాళ్లు ఎన్నిరకాలో. ఒకాయన తాళంచెవుల గుత్తితో గోడలన్నీ కొట్టి చూశాడు. ఒకాయన నిద్రపోతున్న తమ్ముణ్ణి దాటుకుంటూ అడుగులతో గది కొలిచాడు. ఒకామె చెప్పులతోనే వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద పప్పు గిన్నె మూత తీసి చూసింది. ఎందుకని అమ్మ చూపుతోనే అడిగితే, పొగ ఎటు పోతాదో చూస్తాండా అంది. ఇంకొకామె భర్తతో, “ఈ పాత మంచాలు, డబ్బాలు తీసేస్తే గది శానా పెద్దగా అగపడతాది” అంది. ఆ మంచం మీదే నేనూ తమ్ముడూ కూర్చుని ఉన్నాం.

ఒకనాడు అమ్మ అన్నం ముందు కూర్చుని ఉండగా ఎవరో వచ్చి, ఆమె వెనక గోడ చూడాలి, కొంచెం లేవమన్నారు. అమ్మ కంచం చేత్తో పట్టుకుని, ఆ నిండు కడుపుతో లేచి నిలబడింది. వాళ్లు గోడ చూసుకుని వెళ్లిపోయారు. అమ్మ మళ్లీ కూర్చోలేదు. కంచం తీసుకుపోయి వంటింట్లో మూత పెట్టేసింది.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే వాళ్లలో ఎవరూ దుర్మార్గులు కారనిపిస్తుంది. జన్మంతా కూడబెట్టుకున్నది ఒక్కచోట పెట్టేటప్పుడు మనిషికి భయం ఉంటుంది. ఆ భయంలో గోడలూ దూలాలూ కనిపిస్తాయి గాని, వాటి మధ్య ఉన్న మనుషులు కనిపించరు. ఆ మాట అప్పుడు నాకెవరైనా చెప్పినా అర్థమయ్యేది కాదు. మేము ఆ ఇంట్లో సామానులాగా ఉన్నామని మాత్రం తెలిసేది. ఎవరు ఏమడిగినా అమ్మ “బాగుండాది” అనేది. అమ్మకు అబద్ధమాడే అలవాటు లేదు. వాళ్లు వెళ్లిపోయాక పెరట్లోకి పోయి మునగచెట్టుకు చేయి ఆనించి కాసేపు నిలబడేది. నేను దగ్గరికి పోతే, “ఏంల్యా, గాలికి నిలబడినా” అనేది. ఆకు కదిలేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం ఆ అవ్వ వచ్చింది. మిగతావాళ్లంతా చల్లపూట చూసుకుని వచ్చేవారు. ఎండ ఎలా కొడుతుందో తెలుసుకోవడానికి ఆమె కావాలనే ఆ వేళకు వచ్చిందని తర్వాత తెలిసింది. మైదుకూరు అవతల పల్లె వాళ్లది. సేద్యం ఉన్న కుటుంబం. మనవలిద్దర్నీ కడపలో బడిలో వేయాలని ఇల్లు వెతుకుతున్నారు. అవ్వ పొట్టిగా, నల్లగా, మోచేతుల దాకా పచ్చబొట్లతో ఉండేది. వెంట ఆమె కొడుకు, ముందు ఇంటాయన.

ఇంటాయన ఎప్పటిలాగే నేరుగా లోపలికి వచ్చేశాడు. కొడుకూ ఆయన వెంటే వచ్చాడు. అవ్వ మాత్రం గడప బయటే, ఎండలోనే ఆగిపోయింది. అమ్మ కేసి చూసి అడిగింది.

“ఏమ్మా, లోపలికి రావచ్చునా?”

“రా అవ్వా. అడిగేదేముండాది, మన ఇల్లే గదా” అన్నాడు ఇంటాయన.

“ఇల్లు నీదేలే నాయినా. కాపురం ఆ బిడ్డది గదా” అంది అవ్వ.

రమ్మనడానికి అమ్మకు కాస్త సమయం పట్టింది. అంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేరు. అవ్వ చెప్పులు బయట విడిచి, వసారా పక్కన తొట్టిలో నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. అది చూసి కొడుకు వెనక్కి వెళ్లి తనూ చెప్పులు విడిచి వచ్చాడు. ఆయనకు నలభై ఏళ్లుంటాయి. తల్లి ఏమీ అనకుండానే, తప్పు చేసిన పిల్లవాడిలా గబగబా పోయి వచ్చాడు. నాకు నవ్వొచ్చింది.

అమ్మ ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చింది. కొడుకు నీళ్లు తాగి, చెంబు కింద పెడుతూ అందరూ అడిగేదే అడిగాడు. “ఏమ్మా, వానలకు మిద్దె యాడన్నా కారతాదా?”

ఇంటాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల చూపులు చూస్తూ, “బాగుండాది న్నా” అంది.

అవ్వ ఆ చూపులు రెండూ చూసింది. కొడుకుతో నెమ్మదిగా, “ఆ యమ్మను అట్ల అడగగూడదురా. ఒకరింట్లో ఉండి ఇంకొకరికి ఏమని చెప్తాది? నువ్వు ఆయప్పతో పోయి మిద్దె ఎక్కి నీ కండ్లతో చూసుకోపో” అంది.

ఇద్దరూ నిచ్చెన ఎక్కి పోయారు. అవ్వ గోడకు ఆనుకుని బండల మీద కూర్చుంది. అమ్మను కూడా కూర్చోమంది. ఎన్నో నెల అని అడిగింది. ఏడు పడిందని అమ్మ చెప్పింది. అమ్మగారింటికి ఎప్పుడు పోతావంటే, అమ్మ తన తల్లి లేని సంగతి చెప్పింది. ఇల్లు దొరకని సంగతి కూడా, ఆపుకుందామన్నా ఆగక, చెప్పేసింది. అవ్వ అయ్యో పాపం అనలేదు. అమ్మ చేయి తన ఒళ్లోకి తీసుకుని వేళ్లు నొక్కుతూ కూర్చుంది. చేతులకు నీరు దిగింది, ఉప్పు తగ్గించుకోమ్మా అంది. ఇంటి గురించి ఒక్క ముక్క అడగలేదు.

తర్వాత నా వైపు తిరిగింది. “పాపా, ఈ ఇంట్లో నీకు శానా ఇష్టమైన జాగా యాది?”

అన్ని రోజుల్లో ఆ ఇంటి గురించి నన్ను అడిగినవాళ్లు ఎవరూ లేరు. నేను లేచి నిలబడి, “ఎండాకాలంలోనా అవ్వా, వానాకాలంలోనా?” అన్నాను.

అవ్వ నవ్వింది. “రెండూ చూపియ్యి తల్లీ. నాకు తొందరేముండాది?”

నేను ఆమె చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పాను. మధ్యాహ్నాలు వసారాలో నీళ్లు చల్లిన బండల మీద బోర్లా పడుకుంటే కడుపు ఎంత చల్లగా ఉంటుందో చెప్పాను. అవ్వ వంగి ఆ బండ మీద అరచేయి పెట్టి చూసింది. వంటింటి కిటికీ చూపించాను. ఆ కిటికీకి ఎదురుగా పక్కింటి బూబమ్మ వంటింటి కిటికీ ఉండేది. ఆమె అందులోంచి చేయి చాచి పండగకు సేమ్యా ఇచ్చేది, మేము మునక్కాయలు అందించేవాళ్లం. మా చప్పుడు విని బూబమ్మే కిటికీలోకి వచ్చి, “ఏమవ్వా, ఇల్లు తీసుకుంటాండారా?” అని పలకరించింది. అవ్వ ఇల్లు సంగతి వదిలేసి ఆమెతో పొయ్యిలో కట్టెల గురించి, ఆమె కూతురి అత్తగారి ఊరి గురించి చాలాసేపు మాట్లాడింది. నాకేమో ఇంకా చూపించాల్సినవి ఉన్నాయి. ఆమె కొంగు పట్టి లాగాను.

వానాకాలంలో నాకిష్టమైన జాగా పెద్ద గది తలుపు పక్కన. అమ్మ మంచాన్ని అక్కడికి జరిపేది. నేనూ తమ్ముడూ దుప్పట్లో కాళ్లు పెట్టుకుని కథలు చెప్పుకునేవాళ్లం. ఆ మాటే చెప్పాను. అవ్వ మంచం కేసి చూసింది. తర్వాత ఎదురు మూల కేసి చూసింది. బావి దగ్గర నేను చేద ఎలా వేస్తానో చూపిస్తానన్నాను. వద్దులే, పడతావు అని తనే చేంతాడు చేతిలోకి తీసుకుని, అంతా లాగి చూసి, మళ్లీ చుట్ట చుట్టి పెట్టింది.

మేము లోపలికి వచ్చేసరికి మగవాళ్లు మిద్దె దిగారు. కొడుకు చెమట తుడుచుకుంటూ, పైన అంతా బాగుందనీ, బేరం మాట్లాడుకోవచ్చనీ అన్నాడు. ఇంటాయన ముఖం విప్పారింది.

అవ్వ మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుని, “ఇల్లు నాకు నచ్చినాది” అంది. “ఉత్తరం మూల మిద్దె మీద గచ్చు కొత్తగా వేపియ్యల్ల. బావి రోంత లోతు తీపియ్యల్ల. ఆ ఖర్చు తీసేసి ధర చెప్పు నాయినా.”

ఇంటాయన అమ్మ వైపు తిరిగాడు. అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవురు చెప్పినారు నీకు కారతాదని?” అన్నాడు ఆయన.

“ఎవురూ చెప్పలే. ఆ యమ్మ నీ ముందరే బాగుండాది అనె గదా” అంది అవ్వ. “మూల అంత జాగా పెట్టుకుని మంచం తలుపు కాడికి ఎందుకు వస్తాది? ఆ మూల బండ మీద చూడు, తపేలా పెట్టి పెట్టి గుండ్రంగా మచ్చ పడినాది. బావి తాడుకు కింద ఇంగో తాడు ముడేసినారు. నా తల ఊరికే నెరిసిందా నాయినా?”

కొడుకు వెళ్లి ఆ మూల బండ చూశాడు. ఇంటాయన చూడలేదు. ఆయనకు తెలిసిందే కదా. అప్పుడు అవ్వే అంది.

“ఏ ఇల్లయినా యాడో ఒకచోట కారతాది. మా ఊర్లో మా ఇల్లు కారదా? దానికోసరం ఇల్లు ఇడ్సిపెడతారా ఎవురన్నా? మిట్టమధ్యాహ్నం బండ చల్లగా ఉండాది. పక్కన మంచి మనిషి ఉండాది. ఆ పాప ఇల్లంతా ఇష్టంగా చూపించె. అది చాలు నాకు.”

ఇంటాయన తేరుకుని, ఇల్లు వాళ్లు అడిగిన రోజుకు ఖాళీ చేయించి ఇస్తానన్నాడు. అక్కడే అవ్వ గొంతు మారింది.

“యాడికి పోతారు? ఆ బిడ్డకు పురుడు ఈడనే కావల్ల.”

“బడులు తెరుస్తారు మ్మా” అన్నాడు కొడుకు. “పిల్లోళ్లను తోలుకురావల్ల గదా మనము.”

“తోలుకొద్దాం. ముందర గది మనకు, వెనక గది వాళ్లకు. పిల్లోళ్లతో నేనే వస్తా. వసారాలో ఒక పొయ్యి పెట్టుకుంటా.”

“ఇల్లు కొనుక్కుని, అద్దెకుండేవాళ్లతో కలిసి ఉంటామా?”

“పిల్లోళ్లకు చదువు రావల్లనే గదా ఈ తిప్పలన్నీ. ముందు ఇది నేర్చుకోనీ” అంది అవ్వ.

కొడుక్కి ఇష్టం లేదని ముఖమే చెబుతోంది. కానీ తల్లి అప్పటికే లేచి, మోకాళ్లు పట్టుకుని, చెప్పుల కోసం వెళుతోంది. వెళ్లే ముందు అమ్మ దగ్గర ఆగి, “నీకు ఇష్టమేనా మ్మా? నువ్వు ఒప్పుకుంటేనే” అని అడిగింది. ఇల్లు కొనబోయే మనిషి, అద్దెకున్న మనిషిని అడిగిన మాట అది. అమ్మ తల ఊపింది. ఊపుతూనే వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్ని రోజులుగా పెరట్లో చెట్టుకు చేయి ఆనించి ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. నేను భయపడి వెనకాలే పోతే, దగ్గరికి తీసుకుని, “ఏంల్యా, ఏంల్యా” అంటూ చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం నాన్న వచ్చాక ఈ సంగతంతా చెబితే నమ్మలేదు. పల్లె నుంచి వచ్చిన ముసలామె ఏదో దయ కొద్దీ అని ఉంటుంది, రేపు కొడుకు మాటే చెల్లుతుంది అన్నాడు. కానీ అవ్వ మాట చెల్లింది. కాగితాల దగ్గర మాత్రం ఆమె ఎవరి మీదా దయ చూపలేదు. ఒక ప్లీడరు చేత పాత దస్తావేజులన్నీ మొదటి నుంచి చదివించింది. చదివేటప్పుడు తను పక్కన కూర్చుని, అర్థం కాని చోటల్లా ఆపి అడిగిందట. మనుషులను నమ్మల్ల, కాగితాలను చదవల్ల అనేది. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు అనేది.

వాళ్లు ఇంట్లో చేరిన రోజు అవ్వ అహోబిలం స్వామి ప్రసాదం తెచ్చింది. పాలు పొంగించే వేళ కోడలు పాలగిన్నె అందుకోబోతే ఆపి, అమ్మను పిలిచింది. “ఈ ఇంట్లో పొయ్యి ముట్టించేది ఇన్నాళ్లూ నువ్వే గదా. రా, నువ్వే పొంగియ్యి” అంది. పరాయి వాళ్ల గృహప్రవేశానికి అమ్మ పాలు పొంగించింది. ఆ కోడలు ఏమనుకుందో నాకు తెలియదు. మంచి మనిషే, మారు మాట్లాడకుండా అమ్మకు చోటిచ్చి పక్కకు జరిగింది. పసుపు రాసిన గడప మీద తమ్ముడు కూర్చుంటే ఎవరూ లెమ్మనలేదు.

తర్వాత కోడలు, కొడుకు సేద్యం చూసుకోవడానికి ఊరికి వెళ్లిపోయారు. అవ్వ, ఇద్దరు మనవలు ముందు గదిలో ఉన్నారు. వానలు పడకముందే అవ్వ మిద్దె మీద గచ్చు వేయించింది. మొదటి గట్టి వాన కురిసిన రోజు అమ్మ అలవాటు కొద్దీ తపేలా తెచ్చి మూలలో పెట్టి, చుక్క పడక, దాన్ని చూసుకుంటూ నిలబడింది. అవ్వ వసారాలోంచి, “ఇంగ దాంట్లో పప్పు ఉడికియ్యి మ్మా” అంది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

ఆ ఇంట్లోనే చెల్లెలు పుట్టింది. మంత్రసాని వచ్చేదాకా అమ్మ చేయి వదలకుండా కూర్చున్నది అవ్వ. బాలింత తినే కాయం అవ్వే దంచింది. పసిదానికి నీళ్లు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది. బూబమ్మ కిటికీలోంచి వేడినీళ్లు అందించేది. అమ్మ ఆమెను మొదట అవ్వా అని పిలిచేది. ఎప్పుడు మారిందో తెలియదు గాని, చెల్లెలికి పేరు పెట్టేనాటికి అమ్మా అంటోంది.

చెల్లెలు బోర్లా పడే వయసొచ్చాక మేమే వేరే ఇల్లు చూసుకోవాలనుకున్నాం. ఊరి నుంచి కోడలూ వచ్చి ఉండాల్సిన అవసరం పడింది. అవ్వ పొమ్మనలేదు. అమ్మే అడిగింది, నాకు ఇల్లు చూసేదానికి తోడు రా మ్మా అని. అలా నేను అమ్మ వెంట, అవ్వ వెంట కడప వీధులు తిరిగాను. నా బడి చదువుల కన్న ఆ తిరుగుడులో నేర్చుకున్నదే నాకు ఎక్కువ గుర్తు.

ఏ ఇంటికి పోయినా అవ్వ గడప బయట ఆగి అడిగేది. ఖాళీ ఇల్లయితే పక్కింటి వాళ్లను మంచినీళ్లు అడిగేది. నీళ్ల రుచీ తెలుస్తాది, మనుషుల రుచీ తెలుస్తాది అనేది. ఒక మాటు చూసి నచ్చిన ఇంటిని ఇంకో వేళకు పోయి మళ్లీ చూడమనేది. అమ్మ ఏదైనా ఇంటిని బాగుందనగానే, “నువ్వు పొద్దంతా ఈడ ఏం చేస్తావో ఒకసారి చేసి చూపియ్యి” అనేది. అమ్మ సిగ్గుపడుతూ, ఇక్కడ బియ్యం ఏరుతాను, ఇక్కడ పసిదానికి ఉయ్యాల కడతాను, ఇక్కడ బట్టలు ఆరేస్తాను అని నడిచి చూపేది. అలా నడుస్తుండగా ఒక ఇంట్లో ఉయ్యాల కట్టే చోటే కుదరలేదు. ఇంకో ఇంట్లో బట్టలు ఆరేసే చోట పొద్దంతా నీడే.

ఒక ఇల్లు నాకు బాగా గుర్తు. కొత్త ఇల్లు, నున్నటి సిమెంటు నేల, రంగు వేసిన కిటికీలు. అమ్మ కళ్లు మెరిశాయి. అక్కడ అద్దెకున్నవాళ్లకు నా ఈడు పాప ఒకతె ఉంది. అవ్వ ఆ పాపను కూడా అడిగింది, నీకు శానా ఇష్టమైన జాగా యాది అని. ఆ పాప అటూ ఇటూ చూసి, ఆలోచించి, “మా జేజి వాళ్ల ఊరు” అంది. జేజి అంటే నాయనమ్మ.

అవ్వ ఇంకేమీ అడగకుండా ఆ పాప తల నిమిరి లేచింది. వీధి మలుపు తిరిగాక అమ్మ, ఇల్లు బాగుంది కదా మ్మా అంటే, “ఇల్లు బాగుండాది. ఆ పిల్లకు దాంట్లో ఇష్టమైన జాగా ఒకటి కూడా దొరకలే. ఎందుకో మనకు తెలీదు. ఇంగో రెండు చూద్దాం” అంది.

చివరికి మాకు దొరికిన ఇల్లు పాతదే, ఇరుకుదే. బదిలీ మీద వెళ్లిపోతున్న కుటుంబం ఉండేది అందులో. ఆ ఇంటామె వెళ్లలేక వెళుతూ, ఏ చెట్టుకు ఎన్ని నీళ్లు పోయాలో అమ్మకు అప్పగించింది. అవ్వ అప్పుడే మాకు కళ్లతో సైగ చేసింది, ఇదే అని. ఆ ఇంట్లో మేము నా పెళ్లి దాకా ఉన్నాం.

పెళ్లయ్యాక నేను నందికొట్కూరు వచ్చాను. అక్కడే బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాను. అవ్వ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆమె అసలు పేరు దస్తావేజుల్లో ఉండే ఉంటుంది. మేమెప్పుడూ అడగలేదు. ఆమె మాత్రం మా ఇంట్లో పసిపిల్ల దాకా అందరినీ పేరు పెట్టి పిలిచేది. మా అమ్మను ఎవరికైనా పరిచయం చేయాల్సి వచ్చినప్పుడు అద్దెకున్న ఆమె అని ఒక్కసారీ అనలేదు. మా ఇంట్లో ఉండే బిడ్డ అనేది. ఆ తేడా ఎంతటిదో నేను పెద్దయ్యి, సొంత ఇల్లు కట్టుకున్నాక గాని పూర్తిగా తెలియలేదు.

ఇప్పుడు మా వాళ్లలో ఎవరు ఇల్లు కొంటున్నా నన్ను రమ్మంటారు. ఫోనులో ఫోటోలు చూపిస్తారు. ఎన్ని చదరపు అడుగులు, ఏ వైపు ముఖం, బ్యాంకు ఎంత ఇస్తుంది అన్నీ చెబుతారు. అవన్నీ చూడాల్సినవే, చూసుకోమంటాను. కాగితాలు వకీలుకు చూపించే దాకా ఊరుకోను. ఆ తర్వాత నా పద్ధతిలో నేను చూస్తాను.

పోయిన ఎండాకాలం చెల్లెలి కొడుకు కర్నూలులో ఒక ఫ్లాటు చూడడానికి తీసుకుపోయాడు. నాలుగో అంతస్తు. అందులో అద్దెకున్నవాళ్లు ఉన్నారు. బ్రోకరు బెల్లు కొట్టి, తలుపు తీయగానే లోపలికి దారి తీశాడు. తలుపు తీసిన అమ్మాయి చంకలో బిడ్డతో, సోఫా మీద ఆరేసిన బట్టలు హడావిడిగా లాగేస్తూ, “ఇల్లంతా ఎట్లనో ఉండాది, ఏమనుకోవద్దండి” అంటోంది. నేను గుమ్మంలోనే ఆగాను. మా చెల్లెలి కొడుకు కూడా ఆగాడు.

“బట్టలు తీయొద్దమ్మా. మేము లోపలికి రావచ్చునా?” అన్నాను.

ఆ అమ్మాయి చేతిలో బట్టలతో అలాగే నిలబడి నా ముఖం చూసింది. తర్వాత రమ్మంది. మేము కూర్చున్నాం. బ్రోకరు మా వాడికి పంపులూ స్విచ్చులూ చూపిస్తుంటే, నేను ఆమె బిడ్డ గురించి అడిగాను. పళ్లు వస్తున్నాయట, రాత్రిళ్లు నిద్రపోవడం లేదట. తనకూ నిద్ర లేదని ఆమె చెప్పలేదు గాని కళ్లు చెప్పాయి. ఇల్లు అమ్ముతున్నట్టు ఆమెకు తెలిసింది ఆ వారమే. పెద్దపాప ఆ పక్క బడిలోనే చదువుతోంది. ఆమె నన్నేమీ అడగలేదు. నేనే మా వాణ్ణి పిలిచి, ఒకవేళ మనం కొంటే పాప చదువు ఈ ఏడు అయ్యేదాకా వీళ్లను కదల్చకూడదు అని ఆమె ముందే చెప్పాను. వాడు సరే పెద్దమ్మా అన్నాడు. వెనక్కి తగ్గే మాట కాదది. వాడి గొంతు నాకు తెలుసు.

ఆ ఫ్లాటు చివరికి మాకు కుదరలేదు. అమ్మేవాళ్ల అన్నదమ్ముల మధ్య ఏదో తగాదా ఉందని వకీలు వద్దన్నాడు. ఆ సంగతి ఆ రోజు ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. మేము లేచి బయటికి వస్తుంటే ఆ అమ్మాయి బిడ్డను ఎత్తుకుని, చెప్పులు వేసుకోకుండానే, లిఫ్టు దాకా వచ్చింది. తలుపులు మూసుకునేదాకా అక్కడే నిలబడి ఉంది.